రాజుగారి లేను

కాకులు లేచే వేళకి నూకరత్నం గేటు తీసుకుని లోపలికొచ్చి, చెప్పులు గోడవార విడిచి, తూర్పు అంచు నుంచి నడక మొదలుపెట్టేది. అరక కట్టి దున్నుతున్నట్టు ఆ చివరకి వెళ్ళి, ఒక అడుగు పక్కకి జరిగి, ఈ చివరకి వచ్చేది. మళ్ళీ అడుగు జరిగేది. పన్నెండు సెంట్ల జాగా అది. ఎండ ముదిరేలోగా నాలుగు చాళ్ళు తిరిగేసేది. టీ గ్లాసు చేతికిస్తే నడుస్తూనే తాగేది, ఎవరైనా గోడ మీంచి పలకరిస్తే నడుస్తూనే జవాబిచ్చేది. ఆగడానికి వీల్లేదు. ఆగితే ఆగినచోట గడ్డి ఎత్తుగా లేచిపోయి రాజుగారి నేల ఎగుడుదిగుడైపోతుంది.

ఆ నేలని కృష్ణంరాజుగారు లాన్ అనేవారు. ఆయన అస్సాంలో ఒక టీతోటలో ఇరవై ఆరేళ్ళు హెడ్ క్లర్కు చేసి, రిటైరై చోడవరం వచ్చి, వడ్డాది రోడ్డులో ఇల్లు కట్టుకుని, ఇంటిముందు ఆనపపాదో వంకాయ మొక్కలో వెయ్యాల్సిన చోట ఉత్త గడ్డి వేశారు. బ్యాంకుని బేంకనీ ఫ్యాక్టరీని ఫేక్టరీ అనీ పలికే ఊరు, అదే లెక్కన లాన్‌ని లేను చేసేసింది. నూకరత్నం ఎక్కడుందని అడిగితే లేనులో ఉందనేవారు. ఉందో లేదో తిన్నగా చెప్పవయ్యా అని కొత్తగా వచ్చిన పోస్టుమేన్ ఒకసారి కసురుకున్నాడు కూడా. ఆవు తినడానికి కాదు, ఇల్లు కప్పడానికి కాదు, మరి ఈ గడ్డి దేనికి బాబూ అని అడిగినవాళ్ళకి కృష్ణంరాజుగారు చూడ్డానికి అని చెప్పేవారు. వాళ్ళు కాసేపు చూసి వెళ్ళిపోయేవారు.

నూకరత్నం సంగతి మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. అందులో అడగడానికేముంది? పుట్టి నడక నేర్చిన దగ్గర్నుంచీ అంతే. తమలపాకు నమిలి ఊసేంతసేపు ఒకచోట నిలబడిందంటే కాళ్ళ కింద పచ్చగా సూదుల్లా మొలుచుకొచ్చేది. ఒక పూట కూర్చుంటే చీలమండ దాకా వచ్చేది. చిన్నప్పుడు బళ్ళో సిమెంటు గచ్చు మీద కూర్చోబెడితే గచ్చు బీటలిచ్చి మరీ మొలిచింది. మేష్టారు పిల్లని లేపి, నువ్వు వరండాలో తిరుగుతూ వినవే అన్నారు. అలా తిరుగుతూనే మూడో తరగతి దాకా చదివింది.

వేసవిలో చుట్టాలందరికీ ఆమె కావాలి. బుచ్చయ్యపేటలో ఉన్న అక్క అచ్చియ్యమ్మ, గేదెకి మేత లేదు, వచ్చి రెండు పూటలు మా పెరట్లో నిలబడి పోవే అని కబురు పెట్టేది. వానలు పడ్డాక మాత్రం ఎవరూ పిలవరు. కలుపు తీయడానికీ నాట్లకీ ఏ రైతూ ఆమెని చేలో దిగనివ్వడు. ఒకళ్ళు కలుపు తీస్తూంటే ఇంకొకళ్ళు మొలిపించడం దేనికని వాళ్ళ మాట, అందులో న్యాయం ఉంది కూడా. ఆమె కూర్చోగలిగింది ఒక్క బస్సులోనే. నేల కదులుతూ ఉంటే గడ్డికి పట్టు దొరకదు. అదీ అనకాపల్లి రైలుగేటు దగ్గర బస్సు ఆగిపోతే, కండక్టరు వెనక్కి వచ్చి, దిగి కాస్త అటూ ఇటూ తిరగమ్మా, కిందటిసారి సీటు కింద పీకలేక చచ్చాం అనేవాడు.

పెళ్ళయింది. మొగుడు జగ్గారావు సొంత మేనత్త కొడుకు, కె.కోటపాడు పక్క పల్లె. మంచివాడు. అత్త గున్నమ్మ కూడా చెడ్డదేం కాదు, మేనకోడలని తెలిసి చేసుకున్నదే. పేడతో అలికిన నేల కదా, రోజూ గీకి పారేద్దాం, ఎంత పని అనుకుంది. ఆర్నెల్లయ్యేసరికి గోడల్లోంచి, పొయ్యి గట్టులోంచి, దేవుడి గూట్లోంచి కూడా గడ్డి రావడం మొదలెట్టింది. వీధిన పోయేవాళ్ళు ఆగి లోపలికి తొంగి చూసేవారు. ఒకరోజు గున్నమ్మ పార పక్కన పెట్టి కూర్చుండిపోయింది.

"గడ్డి మొలిసిన ఇంటిని పాడిల్లంటారే అమ్మా. నేనింకా సావలేదు గదా," అంది.

ఆ మాటలో కోపం లేదు. అందుకే నూకరత్నం మర్నాడు మూట కట్టుకుంది. జగ్గారావు విశాఖపట్నం పోయి హార్బరులో కళాసీగా చేరాడు. అక్కడ పెద్ద ఆఫీసర్ల ఇళ్ళలో మొజాయిక్ గచ్చులుంటాయట, సూది మొన దిగేంత సందు కూడా ఉండదట, అలాంటి ఇల్లు ఒకటి దొరగ్గానే వచ్చి తీసుకెళ్తానన్నాడు. కళాసీకి మొజాయిక్ గచ్చు ఎవడిస్తాడు? ఏడేళ్ళు గడిచాయి. ప్రతి ఆదివారం బస్సు దిగేవాడు. ఇద్దరూ వడ్డాది రోడ్డు మీద నడిచేవారు. అన్నం కేరేజీ విప్పుకుని నడుస్తూనే తినేవారు, కష్టం సుఖం నడుస్తూనే చెప్పుకునేవారు. రెండోసారి వడ్డాది పొలిమేర తాకి వెనక్కి వచ్చేసరికి సాయంత్రం బస్సు వచ్చేసేది. మొగుడూ పెళ్ళాలు అలా నడుస్తూ కాపురం చెయ్యడం దారిలో రైతులకి అలవాటైపోయి, ఎడ్లబళ్ళు పక్కకి తీసి దారిచ్చేవారు.

కృష్ణంరాజుగారు మొదట కలకత్తా నుంచి విత్తనాలు తెప్పించారు. మొలవలేదు. రెండోసారి తెప్పించారు. పిచికలు తిన్నాయి. ఎవరో నూకరత్నం పేరు చెప్పారు. ఆయన ఆమెని పిలిపించి, వెనకవైపు ఖాళీగా పడున్న బండిసావిడి ఉండడానికిచ్చి, పనిలో పెట్టుకున్నారు. తనలాంటి దాన్ని పిలిచి మరీ పని ఇచ్చారంటే నూకరత్నం మొదట నమ్మలేదు. ఇక్కడైనా కడుపునిండా కూర్చోవచ్చు అనుకుంది. మొదటి రోజే రాజుగారు చెప్పేశారు, చూడు నూకరత్నం, ఒకచోట ఆగకు, సమంగా తిరుగు అని. సావిడిలో ఆమె నులకమంచం రోజుకో మూలకి జరుపుకునేది. పొద్దున్నే మంచం కింద గడ్డి గీకి ఎదురింటి చిన్నమ్మి గేదెకి వేసేది. నెలకోసారి నాలుగు రోజులు బుచ్చయ్యపేట పోయి సావిడి గోడలకి విశ్రాంతి ఇచ్చేది. ముప్పై నాలుగేళ్ళొచ్చాయి. ఒక ఇంట్లో నేల మీద కూర్చుని, లేవమనేవాళ్ళు లేకుండా, మొగుడితో కలిసి ఒక ముద్ద తినాలని ఆమె కోరిక. అంతకన్నా పెద్ద కోరిక ఆమెకి లేదు, అంతకన్నా దూరమైంది కూడా లేదు.

ఇలా ఉండగా డెబ్భై ఒకటో సంవత్సరం ఆషాఢంలో కుక్క వచ్చింది.

గోధుమరంగు ఆడకుక్క. మగకుక్కలతో ఏ పేచీ లేదు, అవి గేటు స్తంభానికో కరెంటు స్తంభానికో కాలెత్తి పోతాయి. ఇది అలా కాదు. పచ్చిక నట్టనడుమకి నడిచి, వాసన చూసి, వెనక కాళ్ళ మీద తీరిగ్గా కూర్చుని, ఎటో చూస్తూ పోసేది. అంత తీరిగ్గా కూర్చోవడం నూకరత్నం ఎవరిలోనూ చూడలేదు. చూస్తే ఒళ్ళు మండేది. దొరసాని అని పేరు పెట్టింది. దొరసాని కూర్చుని లేచిన చోట మూడో రోజుకల్లా పళ్ళెమంత మేర గడ్డి మాడి ఎండుగడ్డి రంగుకి తిరిగేది. ఆ మచ్చ చుట్టూ మాత్రం బెత్తెడు మందాన ఎక్కడా లేనంత చిక్కటి పచ్చ కట్టేది.

కృష్ణంరాజుగారికి నిద్ర పట్టలేదు. ఇద్దరూ కలిసి చెయ్యని వైద్యం లేదు. అంచులంట కంప నాటితే కుక్క గేటులోంచి వచ్చింది. కలరా ఉండలు చల్లితే వాటిని మూతితో పక్కకి నెట్టి వాటి జాగాలో పోసింది. కారం చల్లితే కుక్క ఒకసారి తుమ్మింది, గాలి తిరగ్గానే రాజుగారు రోజంతా తుమ్మారు. అప్పుడు చిన్నమ్మి, కుక్కకి ఒంట్లో వేడి చేసింది బాబూ, ఆ వేడికే గడ్డి మాడతన్నాది, చలవ చెయ్యాల అని చెప్పింది. అది అందరికీ సబబుగానే తోచింది. పూటకి మూడు గ్లాసుల మజ్జిగ, సబ్జా గింజల నీళ్ళు, బార్లీ జావ మొదలుపెట్టారు. దొరసాని వద్దనకుండా తాగేది. అంత తాగాక రోజుకి నాలుగుసార్లు కూర్చునేది కాస్తా తొమ్మిదిసార్లు కూర్చోవడం మొదలెట్టింది. పైగా ఎక్కడో తిరిగే కుక్క, ఇంత మర్యాద చేసే ఇల్లు ఇంకోటి లేదని నిశ్చయించుకుని గేటులోపలే కాపురం పెట్టేసింది.

మజ్జిగ మాన్పించింది గ్రామసేవక్ సత్యారావు. అతను రైతులకి యూరియా వెయ్యడం నేర్పే ఉద్యోగంలో ఉన్నాడు. మచ్చ పక్కన గొంతుక్కూర్చుని చూసి, ఇది వేడీ కాదు చలవా కాదు, యూరియా లాంటిదే, ఒకేచోట కుమ్మరిస్తే మాడుతుంది, పలచనైతే ఎరువవుతుంది, అంచున పచ్చ చూడండి అన్నాడు. కుక్క లేచిన వెంటనే రెండు చెంబుల నీళ్ళు పోసేస్తే మచ్చ రాదన్నాడు. అలాగే చేశారు, రాలేదు.

ఇక చూడాలి నూకరత్నం అవస్థ. అసలే నిలకడలేని బతుకు, ఇప్పుడు చంకలో బిందె, చేతిలో చెంబు, ముందు కుక్క. కుక్క తూర్పుకి పోతే తూర్పుకి, పడమరకి పోతే పడమరకి. ఎవరైనా వెంటబడితే కుక్కకి మాత్రం ఎలా వస్తుంది? దొరసాని పచ్చిక అంతా తిరిగి తిరిగి, ఆమె నూతి దగ్గరకి వెళ్ళేదాకా ఆగి, అప్పుడు కూర్చునేది. ఆమె బిందెతో పరుగెత్తుకొచ్చేది. కార్తీకం వెళ్ళేదాకా ఇద్దరికీ ఇదే పని.

మార్గశిరంలో కృష్ణంరాజుగారికి ఉత్తరం వచ్చింది. టీతోట దొర ఇండియా వదిలి సొంత దేశం వెళ్ళిపోతున్నాడు. మద్రాసు మెయిల్లో వస్తూ, పై వారం శనివారం అనకాపల్లిలో దిగి, తన పాత హెడ్ క్లర్కుని చూసి పోతానని రాశాడు. రాజుగారు ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని ఆ రోజంతా లేను చుట్టూ తిరిగారు. ఆయన ఒక అంచున, నూకరత్నం మధ్యలో.

"ఇరవై ఆరేళ్ళు నూకరత్నం," అన్నారు. "దొర తన లాన్‌లో కుర్చీ వేసుకు కూర్చునేవాడు. నేను గులకరాళ్ళ బాటలో నిలబడి ఫైళ్ళు చూపించేవాణ్ణి. సంతకం పెట్టేవాడు. ఒక్కసారి కూర్చోమనలేదు. ఇప్పుడు నా లాన్‌లో రెండు కుర్చీలు వేస్తాను. ఒక్క మచ్చ ఉండకూడదు."

ఆయన బాధ నూకరత్నానికి అర్థమైనట్టు ఆ ఊళ్ళో ఇంకెవరికీ అర్థమై ఉండదు. మచ్చ ఉండదు బాబూ అని మాటిచ్చింది.

మాటిచ్చిన శుక్రవారమే నూతి చేంతాడు తెగింది. వీధి కుళాయి దగ్గర వరసలో నిలబడి, కాదు, వరస చుట్టూ తిరిగి, బిందె నింపుకొచ్చేసరికి దొరసాని మూడుచోట్ల పక్కపక్కనే పని ముగించి ఎండలో పడుకుంది. నీళ్ళు పోసింది గానీ ఆలస్యమైపోయింది.

ఆదివారం జగ్గారావు వచ్చాడు. ఎప్పటిలాగే నడిచారు. మొదటి మైలురాయి దాటకుండానే అతను కుంటడం మొదలెట్టాడు. వడ్డాది తోటలు కనపడ్డాక ఆగిపోయాడు. ఆమె ఆగలేక అతని చుట్టూ తిరిగింది.

"మోకాలు పట్టేస్తన్నాది రత్నం," అన్నాడు నేలకేసి చూస్తూ. "డాట్రు నడవొద్దన్నాడు. వచ్చే ఆదివారం రాలేనేమో. నెలకోపాలి వస్తాను."

"నెలకా?"

"ఏటి సెయ్యమంటావు? నువ్వు కూకోలేవు, నేను నడవలేను."

ఆ మాట నిజమే. కానీ బస్సు వెళ్ళిపోయాక, రోడ్డు మీద ఒక్కర్తీ సావిడికి నడుస్తూంటే, ఈ కాళ్ళు విరిగిపోయినా బాగుండు అనిపించి ఏడుపొచ్చింది.

సోమవారం పొద్దున్నకి మూడు మచ్చలూ కలిసిపోయి లేను నడుమ చాపంత మేర ఎండిన పసుపు పరుచుకుంది. రాజుగారు లేచేలోగా గడ్డి మొలిపించెయ్యాలని నూకరత్నం పరుగున పోయి ఆ మధ్యలో నిలబడింది. ముప్పై నాలుగేళ్ళలో ఎవరూ అడక్కుండా తనే కావాలని నిలబడ్డం అదే మొదలేమో. తమలపాకు నమిలేంతసేపు గడిచింది. కాళ్ళకేసి చూసుకుంది. కాళ్ళే ఉన్నాయి. ఎండ ఇంటికప్పు మీంచి నూతి గట్టు మీదకి దిగింది. మట్టి అలాగే ఉంది, పెళుసుగా, పసుపుగా. కాళ్ళు పీకడం మొదలెట్టాయి. నడిచి నడిచి పీకడం ఆమెకి తెలుసు గానీ కింద ఏమీ మొలవకుండా నిలబడి పీకడం కొత్త. తన గుణం పోయిందేమో అనుకుంది. గుణం పోతే పని పోతుంది, సావిడి పోతుంది. ఒక అడుగు పక్కకి, పచ్చిక మీదకి వేసి చూసింది. కాసేపటికే వేళ్ళ సందుల్లోంచి కొత్త గడ్డి లేచింది. మళ్ళీ మచ్చలోకి వచ్చింది. ఏమీ లేదు.

మెల్లిగా గొంతుక్కూర్చుంది. ఏమీ మొలవలేదు. చతికిలబడింది. ఏమీ మొలవలేదు. ఎవరైనా లేవమంటారేమోనని చుట్టూ చూసింది. దొరసాని ఒక్కత్తే కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకుంది. నడుం వాల్చి, కాళ్ళు ముడుచుకుని, ఆ పసుపు చాపలో పట్టేట్టు పడుకుంది. కింద నేల గట్టిగా, కదలకుండా ఉంది. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియలేదు.

గొడుగు నీడ ముఖం మీద పడితే లేచింది. మధ్యాహ్నం దాటింది. కృష్ణంరాజుగారు ఆమెకేసి కాదు, ఆమె లేచిన చోటుకేసి చూస్తున్నారు.

ఆయన తిట్టలేదు. ఎండలో పడుకున్నావు, అన్నం తిన్నావా అని అడిగారు. తర్వాత, పరదేశికి కబురు పెట్టానన్నారు. పరదేశి చుట్టుపక్కల ఊళ్ళలో పిచ్చికుక్కలకి మందు ఉండలు పెట్టే మనిషి. నిన్నటిదాకా అయితే నూకరత్నం ఆ మాటకి పీడ విరగడైందని సంతోషించేది. ఇప్పుడు అలా కాదు. తను కూర్చోగలిగిన నేల ఈ భూమ్మీద ఇంతే ఉంది, అది ఇచ్చింది ఆ కుక్క.

"దాన్ని సంపొద్దు బాబూ," అంది, మచ్చలోంచి కదలకుండా. "మచ్చ నేను మాన్పుతాను. ఇంకెప్పుడూ రాకుండా సేస్తాను."

"ఆర్నెల్లుగా ఇద్దరం చేస్తున్నది అదేగా."

"ఇన్నాళ్ళూ దాన్ని పొమ్మన్నాం. ఎక్కడికి పోవాలో సెప్పలేదు."

రాజుగారు గొడుగు మడిచారు. లక్ష్మివారం పొద్దున్న పరదేశి వస్తాడనీ, వాడొచ్చేసరికి మచ్చ ఉంటే కుక్క ఉండదనీ చెప్పి లోపలికి వెళ్ళిపోయారు.

ఆరు నెలలు కుక్క వెనక తిరిగిన మనిషి కదా, దాని పద్ధతి నూకరత్నానికి బాగా తెలుసు. అది కొత్తచోట కూర్చోదు. వాసన చూసి, నిన్న తను కూర్చున్నదేనని నిదానించుకుని, అక్కడే కూర్చుంటుంది. వాసన ఎటుపోతే కుక్క అటు పోతుంది. ఆ సాయంత్రం ఆమె పార తీసుకుని పసుపు చాప మొత్తం మూరెడు లోతున తవ్వింది. ఆ మట్టి తట్టలకెత్తి సావిడిలోకి మోసింది. పాత మచ్చలు ఎక్కడెక్కడున్నాయో గుర్తు చేసుకుని వాటినీ తవ్వింది. గోతుల్లో వెనకపెరటి కొత్తమట్టి నింపింది. మంగళవారం పగలంతా పెద్ద గోతి మీద, బుధవారం పొద్దున్న తక్కిన వాటి మీద నిలబడింది. ఇప్పుడు కాళ్ళ కింద గడ్డి బుద్ధిగా మొలిచింది.

సావిడిలో పోసిన మట్టిని నీళ్ళు చల్లి మెదిపి, ఆవుపేడ కలిపి, నేలంతా చేత్తో అలికింది. ఇంటి నేలని ఆవు పంచితం చల్లి శుద్ధి చేసుకునే ఊళ్ళో, కుక్క ఉచ్చ మట్టితో ఇల్లు అలుక్కున్నది ఆమె ఒక్కర్తే. చిన్నమ్మి గుమ్మం దాకా వచ్చి ముక్కు మూసుకుని, ఇదేటే తల్లీ అంది. ఆరనీ, చెబుతాను అంది నూకరత్నం.

బుధవారం మధ్యాహ్నం దొరసాని లేనులోకి వచ్చింది. అలవాటైన చోట వాసన చూసింది. తనది కాదు. చుట్టూ తిరిగింది. ఇంకో చోట చూసింది, అదీ కాదు. పచ్చిక అంతా అడ్డంగా నిలువుగా తిరిగింది, గేటు దాటి రోడ్డు మీదకి పోయి మళ్ళీ వచ్చింది, కడుపులో బరువుతో సన్నగా మూలిగింది. ఎక్కడా ఆగలేక అది అలా తిరుగుతూంటే నూకరత్నానికి జాలేసింది. ఆ తిరుగుడు ఎలాంటిదో ఆమెకి తెలుసు. పిలవలేదు, తరమలేదు. సావిడిలోకి పోయి, ఆరిన నేల మీద గోడకి చేరబడి కూర్చుని, తలుపు తెరిచి ఉంచింది.

చాలాసేపటికి గుమ్మంలో నీడ పడింది. దొరసాని ముక్కు ముందుకి చాచి, ఒక్కో అడుగే వేస్తూ లోపలికొచ్చింది. నేలంతా వాసన చూసింది. తూర్పు మూలకి పోయి, వెనక కాళ్ళ మీద తీరిగ్గా కూర్చుని, ఎటో చూసింది. నూకరత్నం చెయ్యి అలవాటుగా చెంబు మీదకి పోయింది. మళ్ళీ వెనక్కి తీసుకుంది.

లక్ష్మివారం పరదేశి మందు ఉండల డబ్బా చంకన పెట్టుకుని వచ్చాడు. రాజుగారితో కలిసి లేను నాలుగు మూలలా వెతికాడు. మచ్చ కనపడలేదు, కుక్కా కనపడలేదు. టీ తాగి, ఇంత గడ్డి ఊరికే పెంచుతన్నారా బాబూ అని అడిగి, కాసేపు చూసి వెళ్ళిపోయాడు.

శనివారం దొర వచ్చాడు. కృష్ణంరాజుగారు కోటు వేసుకుని రెండు కుర్చీలూ తనే మోసుకొచ్చి పచ్చిక నడుమ ఎదురెదురుగా వేశారు. దొర ముసలివాడైపోయాడు. కుర్చీలో కూర్చుని, టోపీతో విసురుకుని, ఎండ ఎక్కువగా ఉంది, వరండాలో నీడుంది కదా అన్నాడు. ఇద్దరూ వరండాలోకి వెళ్ళారు. అరగంట ఉండి దొర వెళ్ళిపోయాడు. దొర కారు మలుపు తిరిగాక రాజుగారు మళ్ళీ లేనులోకి వచ్చి, ఒక కుర్చీ లోపలికి పంపేసి, రెండో దాంట్లో పొద్దుగూకేదాకా కూర్చున్నారు. ఆయన ముఖం చూస్తే ఎవరికోసమో వేసిన కుర్చీలా లేదు.

నూకరత్నం పొద్దున్న నడక ముగించి సావిడిలోకి పోయేది. మధ్యాహ్నాలు కింద చాప వేసుకుని పడుకునేది. లేచి చూస్తే చాప కింద నేల నేలలాగే ఉండేది. కంపు ఉండేది, నిజమే. వారానికోసారి కుక్క కూర్చునే మూల మట్టి కలిపి మళ్ళీ అలికేది. గోడల్లోంచి కూడా ఏమీ రాలేదు. రెండు వారాలు చూసింది. ఆ తర్వాత రోడ్డు మీదకి పోయి విశాఖపట్నం బస్సు ఆపి, రైలుగేటు దగ్గర తనని దిగి తిరగమనే ఆ కండక్టరుతోనే కబురు చెప్పింది.

"హార్బరు కాడ మా మావ కనబడితే, నూకరత్నం కూకున్నాదని సెప్పు బాబూ."

కండక్టరు టిక్కెట్ల కట్ట చేతిలోనే పట్టుకుని ఆమె మొహంలోకి చూశాడు. చెబుతానమ్మా అన్నాడు.

ఆ ఆదివారం జగ్గారావు కర్ర ఊతంతో బస్సు దిగాడు. రోడ్డు మీద ఆమె లేదు. ఏడేళ్ళలో అతను దిగేసరికి ఆమె రోడ్డు మీద లేకపోవడం అదే మొదలు. కంగారుగా గేటు దగ్గరకొచ్చి లోపలికి తొంగి చూశాడు. పచ్చిక నడుమ కుర్చీలో కృష్ణంరాజుగారు పేపరు చదువుకుంటున్నారు. ఆయన తల ఎత్తకుండానే వెనకవైపు చెయ్యి చూపించారు. జగ్గారావు కుంటుకుంటూ ఇంటి పక్కనుంచి నడిచి, ఎటు పోవాలో తెలీక ఆగిపోయాడు.

"రత్నం," అని పిలిచాడు. "లేనులో ఉన్నావేటే?"

"లేనులో లేను మావా," అంది సావిడిలోంచి ఆమె గొంతు. "ఇంట్లో ఉన్నాను."

గుమ్మంలోకొచ్చి చూశాడు. గోడకి చేరబడి, కాళ్ళు బారజాపుకుని, ఆమె నేల మీద కూర్చుని ఉంది. పక్కన కుక్క. ముందర రెండు కంచాలు. అతని చూపు ఆమె ముఖం మీదకి కాక కాళ్ళ కిందకి పోయింది, అక్కడే ఉండిపోయింది. ఏటే ఈ కంపు అన్నాడు.

"నాల్రోజుల్లో అలవాటైపోద్ది. సెప్పులిప్పి రా. కూకో."

చెప్పులిప్పడానికి అతనికి కొంతసేపు పట్టింది. మోకాలు జాగ్రత్తగా చాపుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె వడ్డించింది. మొదటి ముద్ద అతను అలవాటుగా గబగబా తిన్నాడు, రెండోది నెమ్మదిగా తిన్నాడు. ఇద్దరూ కంచాలు ఖాళీ అయ్యేదాకా లేవలేదు. ఆ తర్వాతా లేవలేదు. మాట్లాడుకోవడానికి ఏడేళ్ళ మాటలున్నాయి, మధ్యలో రొప్పు లేదు. కుక్క ఒకసారి లేచి తూర్పు మూలకి పోయి వచ్చి మళ్ళీ పడుకుంది.

సాయంత్రం బస్సు గేటు ముందు ఆగింది. కండక్టరు రెండుసార్లు హారన్ కొట్టించి, కాసేపు ఇంటి వెనక్కి చూసి, బస్సు పోనిచ్చాడు.